వాక్కాయ ఆకు మీది నలుపు

విశాఖపట్నం,
పాతపోస్టాఫీసు వీధి,
20 డిసెంబరు 1981.

తమ్ముడు దాసుకు,

ప్రభువు కృప వల్ల నేను బాగానే ఉన్నాను. నీ ఒంట్లో ఎలా ఉందో రాయలేదు కాబట్టి బాగుందనే అనుకుంటున్నాను.

జాన్‌బాబు సమాధికి రాయి పెట్టించాను. నునుపు రాయి కాదు, మామూలుదే. పేరు, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం. అంతకన్నా ఏం చెక్కించాలో నాకు తోచలేదు.

సమాధుల తోట కాపలా పోలిరాజు గొయ్యి తవ్విన రోజునే అడిగాడు, తలాపున వాక్కాయ పొద ఉంది, కొట్టెయ్యమంటారా అని. వద్దన్నాను. ముళ్ళ పొద ఉంటే మేకలు దగ్గరికి రావు.

ఇప్పుడు ఆ పొదే నాకు పనైంది. ఆకులు నల్లబడిపోతున్నాయి. పోర్టు దుమ్మని అందరూ అంటున్నారు. మన కిటికీ చువ్వల మీద, ఆరేసిన దుప్పట్ల మీద పడేదే కదా, సమాధుల తోటను మాత్రం వదులుతుందా. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక చెంబుతో నీళ్ళూ పాత చీర ముక్కా పట్టుకెళ్ళి ఆకు ఆకూ తుడుస్తున్నాను. పై దుమ్ము పోతుంది, మచ్చ పోదు. గోటితో గీకితే కొంచెం వస్తుంది. చేతులకి ముళ్ళు గుచ్చుకుంటున్నాయి. అయినా వాడి తల దగ్గర అంత మురికి నేను చూడలేను. చిన్నప్పుడు వీధిలోంచి వస్తే మొహం కడగనిదే కంచం దగ్గర కూర్చోనిచ్చేదాన్ని కాదు.

ఆకుల సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు. ఇందులో ఒక ఆకు పెట్టాను. దేంతో కడిగితే పోతుందో రాయి.

ఇంకొక్క మాట. అక్టోబరులో నేనిచ్చిన టెలిగ్రాం వచ్చేసరికి నువ్వు అడవిలో బూజు ఆకులు ఏరుకుంటున్నావు. దిగివచ్చి చూసుకునేసరికి ఇక్కడ మట్టి వేసేశాం. అందులో ఎవరి తప్పూ లేదు. నేనేమీ అనలేదు, అనను. కానీ అప్పటికి రానివాడివి ఇప్పటికైనా రావాలి కదా. కొడుకు ఎక్కడున్నాడో తండ్రి ఒకసారి చూడాలి.

పండక్కి చిన్నక్క ఆరోగ్యం సబ్బవరం నుంచి వస్తానంది.

నీ కోసం రోజూ ప్రార్థిస్తున్న
పెద్దక్క దీవెనమ్మ


పునలూరు, కేరళ,
9 జనవరి 1982.

పెద్దక్కకు వందనాలు.

ఉత్తరం అందింది. ఆకు కూడా చెక్కుచెదరకుండా అందింది.

అక్కా, అది దుమ్ము కాదు. నువ్వు దేంతో కడిగినా పోదు. భూతద్దం కింద పెట్టి చూశాను, తర్వాత మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అది మెలియోలా.

నేను పాతికేళ్ళుగా పట్టుకు తిరుగుతున్నది దీన్నే. శిలీంధ్రాల్లో ఇదొక ప్రజాతి. ఇంటిపేరు అనుకో. ఆ ఇంటిపేరుతో వందల రకాలున్నాయి. అన్నీ ఆకుల మీదే, నల్లగా, మఖమల్ గుడ్డ ముక్క అతికించినట్టు గుండ్రంగా పెరుగుతాయి. ఒక్కో రకానికి ఒక్కో మొక్కే ఇల్లు. పక్కనే ఇంకో మొక్క ఉన్నా దాని మొహం చూడదు. బతికి ఉన్న ఆకు మీదే బతుకుతుంది. ఆకు ఎండి రాలితే దాని పనీ అయిపోతుంది. గాజు పళ్ళెంలో తిండి పెట్టి పెంచుదామని ఎందరో చూశారు, ఎవరి వల్లా కాలేదు. ఆకును చంపదు. కాస్త ఎండ అడ్డుకుంటుంది, కాస్త రసం తాగుతుంది, అంతే.

చీడపురుగులు వదిలే తేనెలాంటి జిగురు మీద పట్టే మసి వేరే ఉంది. అదైతే తడిగుడ్డతో పోతుంది. ఇది పోదు, ఆకు లోపలికి వేళ్ళలాంటివి దించుకుంటుంది. నువ్వు గోటితో గీకితే వచ్చిందన్నది దాని పై భాగం. దయచేసి ఇక తుడవకు. గీకకు.

వాక్కాయ మీద ఇలాంటిది నేను చూడలేదు. దీని ఒంటి మీద నిక్కబొడుచుకున్న నల్ల ముళ్ళుంటాయి, కంటికి కనపడవు. ఆ ముళ్ళ కొసలు మామూలుగా మొనదేలి ఉంటాయి. ఇందులో చీలి ఉన్నాయి. ఒక్క ఆకుతో ఏమీ తేలదు. మచ్చలున్న ఆకులు లేతవీ ముదురువీ ఓ ఇరవై, చిన్న కొమ్మలతో సహా కోసి పంపు. పువ్వు దొరికితే అదీ. పాత పేపర్ల మధ్య పరిచి బరువు పెట్టు. రోజూ పేపరు మార్చాలి, లేకపోతే వేరే బూజు పట్టి ఇది పాడవుతుంది.

రావడం సంగతి. ఈ నెల నివేదిక ఇవ్వాలి. ఫిబ్రవరిలో మళ్ళీ అడవి. చూస్తాను.

దాసు


విశాఖపట్నం,
21 ఫిబ్రవరి 1982.

దాసూ,

ఆకులు వేరే కట్టగా పంపాను. పువ్వు ఇంకా రాలేదు. బరువుకి బైబిలు పెట్టమంది ఆరోగ్యం. గ్రంథం కింద బూజు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. ట్రంకుపెట్టె పెట్టాను. పేపర్లు రోజూ మార్చాను.

మెలియోలా. ఆడపిల్ల పేరులా ఉంది. మన సంఘంలో ఎవరైనా పాపకి పెట్టినా పాదిరిగారు అడ్డు చెప్పరు.

తుడవొద్దన్నావు, మానేశాను. మొన్న ఆదివారం అలవాటుగా చెంబు పట్టుకుని వెళ్ళి పొద ముందు నిలబడ్డాను. పోలిరాజు చూసి, "ఏటమ్మా, ఇయ్యాల ఆకులకి తానం లేదా?" అన్నాడు.

"లేదు. అది దుమ్ము కాదంట, బూజంట. తమ్ముడు రాశాడు."

"బూజయితే మరీ తుడవాల కదేటి?"

"తుడవొద్దన్నాడు."

"సదువుకున్నోల్ల ఇల్లల్లో బూజు దులపరేటమ్మా?" అన్నాడు. వాడు వేళాకోళానికి అనలేదు, నిజంగానే అడిగాడు. నేను చెంబులో నీళ్ళు పొద మొదట్లో పోసి వచ్చేశాను.

ఒక సంగతి చెప్పాలి. తుడిచే పని ఉన్నప్పుడు ప్రార్థన దానంతటదే వచ్చేది. ఒక్కో ఆకుకీ ఒక్కో మాట. ఇప్పుడు చేతులు ఊరికే ఉన్నాయి, నోరూ ఊరికే ఉంది.

నాలుగు పేజీలు రాశావు. రెండుసార్లు చదివాను. వాడి పేరు ఒక్కచోటా లేదు.

ఆరోగ్యం కూడా చదివింది. "అక్కా, తమ్ముడికి బిడ్డెక్కువా బూజెక్కువా?" అంది. అలా అనకూడదని మందలించాను.

ఫిబ్రవరిలో అడవి అన్నావు. మార్చిలో రా. వాడి దగ్గరికి రా.

పెద్దక్క


పునలూరు,
28 మార్చి 1982.

పెద్దక్కా,

జాన్‌బాబు. జాన్‌బాబు. జాన్‌బాబు.

రాశాను, చూడు. కలం పట్టుకుని ఈ పేరు రాయడానికి ఒక పూట పట్టింది. ఆరోగ్యక్కకి చూపించు.

ఇప్పుడు చెప్పబోయేది నెమ్మదిగా విను. నువ్వు పంపిన ఆకులన్నీ చూశాను. నీ చేతిలో పని ఎంత శుభ్రమో, నా శిష్యులు కూడా అలా ఆరబెట్టలేరు. అన్ని ఆకుల మీదా అదే. చీలిన ముళ్ళు. బీజాలు ఐదేసి గదులతో, మా పుస్తకాల్లో ఉన్నవాటికన్నా పొడుగ్గా. నా దగ్గరున్న పుస్తకాలన్నీ తిరగేశాను. ఎక్కడా లేదు. అక్కా, ఇది కొత్తది. ఇంతవరకూ ఎవరూ చూడనిది. అది మన వాడి తల దగ్గర ఉంది.

కొత్తది దొరికితే లాటిన్‌లో దాని వర్ణన రాసి పత్రికలో అచ్చు వెయ్యాలి. పేరు రెండు మాటలుగా ఉంటుంది. మొదటిది ఇంటిపేరు, మెలియోలా. రెండోది కనుక్కున్నవాడి ఇష్టం. కొందరు ఊరి పేరు పెడతారు, కొందరు గురువు పేరు. నేను మెలియోలా జాన్‌బాబుయై అని పెడతాను. లాటిన్‌లో చివర అలా మారుతుంది. ఒకసారి అచ్చయిందా, ఇక దాన్ని ఎవరూ తీసెయ్యలేరు. మనం పోయాక కూడా, ఎక్కడో ఎవరో ఒక వాక్కాయ ఆకు పట్టుకుని మన వాడి పేరు పలుకుతారు.

వాళ్ళమ్మ రూతు పోయినప్పుడు ఐదేళ్ళవాణ్ణి నీ ఒళ్ళో పెట్టి ఇటు వచ్చేశాను. తర్వాత వాడికి నేను సెలవుల్లో చుట్టాన్ని. వాడికి నేను ఇవ్వగలిగింది ఇప్పుడు ఇదొక్కటే ఉంది. ఇది అచ్చులో చూసుకుని, ఆ కాగితం పట్టుకుని వస్తాను. ఖాళీ చేతులతో వచ్చి ఆ పొద దగ్గర నిలబడలేను. ఈ ఒక్కటీ అర్థం చేసుకో.

దాసు


విశాఖపట్నం,
12 ఏప్రిల్ 1982.

దాసూ,

నిన్న పునరుత్థాన పండుగ. తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన జరిగింది. అన్ని సమాధుల మీదా కొవ్వొత్తులు పెట్టారు. గాలికి ఎవరివీ నిలవలేదు. వాడిది పొద చాటున ఉంది కాబట్టి నిలిచింది.

పేరు సంగతి. వద్దు.

రూతు బాలింత నీరసంలో ఉంటే బాప్తిస్మం రోజున వాణ్ణి పాదిరిగారి చేతికి అందించి పేరు చెప్పింది నేను. జాన్ మన తాతగారిది. బాబు నాది. మనిషికి పెట్టిన పేరు అది, దేవుని ఎదుట పెట్టిన పేరు. దాన్ని ఆకు మీది తెగులుకి పెట్టడానికి నేను ఒప్పుకోను.

కోపంతో రాయడం లేదు. పండుగ వెళ్ళేదాకా ఆగి రాస్తున్నాను.

చేతుల్లో ఏదో ఉండాలని ఎవరన్నారు? బిడ్డ దగ్గరికి తండ్రి ఊరికే రావచ్చు.

పెద్దక్క


పునలూరు,
15 జూన్ 1982.

అక్కా,

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. నీ ఉత్తరం చాలా రోజులు జేబులో పెట్టుకు తిరిగాను.

తెగులు అన్నావు. అది ఆకును చంపదని నీకు ముందే రాశాను. నీ దృష్టిలో నేను జీవితమంతా తెగుళ్ళ వెంట తిరిగినవాణ్ణి, అంతేనా? వాడూ అదే అన్నాడు. నీ ఎదురుగానే అన్నాడు, గుర్తుందా? బీయస్సీ మానేసి స్టీలు ప్లాంటు పనుల్లో వెల్డింగు నేర్చుకుంటానన్న రోజు. నేను కేకలేశాను. వాడు కేకలెయ్యలేదు. నవ్వుతూ, "నాన్నా, నువ్వు ఆకు మీది మసి చూసుకుంటూ బతికేశావు. నన్ను ఇనుముతో బతకనీ" అన్నాడు. చొక్కా తొడుక్కుని కూర్మన్నపాలెం బస్సెక్కేశాడు. నేను మర్నాడు రైలెక్కాను. తర్వాత రెండేళ్ళు వాడు నాకు రాయలేదు, నేను వాడికి రాయలేదు. ఎవరో ఒకరు ముందు రాస్తారులే అనుకున్నాను.

ఆ మసిలో ఏముందో వాడికి ఒక్కసారి మైక్రోస్కోపులో చూపించి ఉంటే నవ్వేవాడు కాదు. చూపించలేదు. కుర్రవాడు, తర్వాత చూస్తాడులే అనుకున్నాను. ఇప్పుడు వాడికి దాని మీదే చోటు ఇస్తానంటే నువ్వు అడ్డుపడుతున్నావు.

సమాధి రాయి ఎన్నాళ్ళుంటుంది చెప్పు? ఆ ఉప్పుగాలికి అక్షరాలు ముందు పోతాయి, తర్వాత రాయి పోతుంది. పుస్తకంలో పేరుకి ఉప్పుగాలి తగలదు.

పెంచింది నువ్వే, కాదనను. కానీ వాడు నా కొడుకు కూడా. నీ మాట దాటి అచ్చు వెయ్యలేను. వెయ్యకుండా రాలేను.

దాసు


విశాఖపట్నం,
29 ఆగస్టు 1982.

దాసూ,

నీ ఉత్తరానికి వెంటనే ఒక జవాబు రాశాను. "వాడు వద్దనుకుని వెళ్ళిపోయిన పనికి వాణ్ణి తెచ్చి కట్టేస్తావా" అని. రాసి చించేశాను. ఇప్పుడు మళ్ళీ అదే మాట రాశాను. ఇది చించను, ఎందుకంటే దీని తర్వాత ఇంకో మాట ఉంది.

వానలకి పొద ఏపుగా పెరిగింది. నలుపు కూడా పెరిగింది. పువ్వు రాలిపోయి కాయలు దిగాయి. కోసుకుందామని పిల్లలు వస్తే పోలిరాజు కర్ర పట్టుకుని తరుముతున్నాడు. తరమొద్దన్నాను.

గడిచిన ఆదివారం కామరాజు వచ్చాడు. మన వాడితో కలిసి వెల్డింగు చేసేవాడు. హిందువుల అబ్బాయి. ఆ రోజు గొయ్యి దగ్గర అందరికన్నా గట్టిగా ఏడ్చినవాడు. బంతిపూలూ అగరొత్తులూ తెచ్చి, "మీ వోల్లల్లో ఎలిగిత్తారో లేదో తెల్దత్తా" అన్నాడు. వెలిగించమన్నాను. వెలిగించి పొద వంక చూసి, "ఏటత్తా, ఇలా అయిపోనాదేటి? పోర్టు దుమ్మా?" అన్నాడు.

"దుమ్ము కాదు నాయనా, బూజు. బతికున్న ఆకు మీదే ఉంటుంది. ఆకుని చంపదు." నీ మాటలే నా నోట వచ్చాయి.

"దీనికి పేరేటి?"

"ఇంటిపేరుంది. సొంత పేరు ఇంకా లేదు. వాళ్ళ నాన్న జాన్‌బాబు పేరు పెడతానంటున్నాడు. నేను వద్దన్నాను."

కామరాజు ఒక ఆకు తుంచి అటూ ఇటూ తిప్పి చూశాడు. చూసి పకాలున నవ్వాడు. "ఎందుకొద్దత్తా? ఎట్టీమనండి! ఎండలో ఎల్డింగు సేసి సేసి మనోడు ఇలాగే ఉండీవోడు కాదేటి, మచ్చలు మచ్చలుగా! మేవందరం 'ఒరే బొగ్గూ' అని పిలిసీవోలం. మేస్త్రీ కూడా అదే పిలుపు."

"వాడు పలికేవాడా?"

"పలక్కేం? 'ఏటి బావా' అని పలికీవోడు. జాన్‌బాబూ అని పిలిస్తేనే ఇనిపించీది కాదు!"

ఇంట్లో వాడు ఎప్పుడూ చెప్పలేదు నాకు. సబ్బు పెట్టి రుద్దుకుని, తల దువ్వుకుని, నా జాన్‌బాబుగా కంచం ముందు కూర్చునేవాడు. బయట వాడికి ఇంకో పేరుందని, దానికి నవ్వుతూ పలికేవాడని నాకు తెలియదు.

నేను నవ్వాను దాసూ. వాడు పోయాక అదే మొదటిసారి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. తర్వాత ఆ రాయి అంచున చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. కామరాజు భయపడి నీళ్ళకి పరిగెత్తాడు.

వారం రోజులు ఈ సంగతి ప్రార్థనలో పెట్టాను. వాడి పేరు నేను పెట్టాను కాబట్టి నాది అనుకున్నాను. నాది కాదు. వాడు దాన్ని ఇష్టమొచ్చిన చోట వదిలేసి ఇంకోటి తొడుక్కున్నాడు.

పెట్టు. అచ్చు వేయించు. తీసుకొచ్చి వాడి దగ్గర నిలబడి చదువు. లాటిన్ అయినా పరవాలేదు, నేను వింటాను.

పెద్దక్క


పునలూరు,
21 నవంబరు 1982.

అక్కా,

ఇన్నాళ్ళూ రాయనందుకు నువ్వేమనుకున్నావో తెలియదు. అచ్చుపని ఆలస్యమైందని అనుకుని ఉంటావు.

నీ ఉత్తరం చేరిన రోజు నేను మనిషినయ్యాను. లాటిన్ వర్ణన పూర్తి చేసి టైపు చేయించాను. బొమ్మలు నేనే గీశాను. పత్రికకి పంపేముందు ఆఖరిసారి సరిచూసుకోవాలని మద్రాసు వెళ్ళాను. అక్కడి గ్రంథాలయంలో మా దగ్గర లేని పాత సంపుటాలున్నాయి. పొడి పొడిగా రాలిపోతున్నాయి, పేజీ పేజీ ఊపిరి బిగబట్టి తిప్పాలి.

ఒకదాంట్లో ఉంది.

సింహళంలో ఎవరో దొర. మనమెవరమూ పుట్టకముందు. వాక్కాయ ఆకు మీద. చీలిన ముళ్ళు, ఐదు గదుల బీజం, పొడవుతో సహా. నేను గీసిన బొమ్మ దాని పక్కన పెట్టాను. ఒకటి చూసి రెండోది గీసినట్టుంది. ఆయన దానికి ఆ దీవి పేరే పెట్టాడు. ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. అది మా నియమం. ఏటా కుర్రాళ్ళకి పాఠం చెబుతాను, "మీకు ఎంత ముద్దొచ్చినా సరే, ముందున్న పేరు ముందున్నదే" అని.

పుస్తకం మూసి ఇచ్చేశాను. మద్రాసు స్టేషనులో వాల్తేరు వెళ్ళే రైలు ఎదురుగా నిలబడి ఉంది. ఎక్కలేదు. పునలూరు తిరిగి వచ్చేశాను.

నువ్వు మనసు ఒప్పించుకుని ఇచ్చిన పేరును ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఇప్పుడు నా దగ్గర ఏమీ లేదు. ఇక రాలేను. ఆ పొద ముందు నిలబడి వాడికేం చెప్పను? అది కూడా వేరేవాళ్ళదేనని చెప్పనా?

ఏడాది దాటింది. ఒక్క మాట అడగాలని ప్రతి ఉత్తరం మొదలుపెట్టాను. ఆకుల గురించి రాసి ముగించాను. ఇప్పుడు ఆకులు కూడా లేవు కాబట్టి అడుగుతున్నాను.

వాడు ఎలా పోయాడక్కా? నన్ను అడిగాడా?

దాసు


విశాఖపట్నం,
5 డిసెంబరు 1982.

దాసూ,

అడిగావు కాబట్టి చెబుతాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆరోగ్యానికి కూడా.

సోమవారం జ్వరంతో వచ్చాడు. మామూలు జ్వరమనుకున్నాం. "చారు కాచు అత్తా, రేపు డ్యూటీకి పోవాలి" అన్నాడు. చారు తాగాడు. బుధవారం నాటికి మాట తడబడింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మలేరియా మెదడుకెక్కిందన్నారు. డాక్టరుగారు మంచివారు, చెయ్యగలిగినంతా చేశారు. నీకు టెలిగ్రాం ఇచ్చింది ఆ రోజే.

ఆ తర్వాత వాడు నన్ను గుర్తుపట్టలేదు.

వాడు మంచం మీద లేడు. పనిలో ఉన్నాడు. ఎక్కడో ఎత్తున ఎక్కి ఉన్నాడు. "ఇటియ్యి బావా, రాడ్డు ఇటియ్యి" అని చెయ్యి చాపేవాడు. నేను నా చెయ్యి అందించేదాన్ని. నా వేళ్ళు తడిమి చూసి, "ఇది కాదు బావా, సన్నది" అని విసుక్కునేవాడు. మళ్ళీ అడిగేవాడు, మళ్ళీ ఇచ్చేదాన్ని. "కిందోల్లని తప్పుకోమను, నిప్పురవ్వలు పడతాయి" అన్నాడు ఒకసారి. పక్క మంచాలవాళ్ళు నవ్వారు. శుక్రవారం మధ్యాహ్నం ఏదో సరిగ్గా అతికినట్టుంది. "అద్దీ!" అన్నాడు. వాడి మొహం అంత తేటగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. అదే ఆఖరి మాట. శనివారం పొద్దున్న అయిపోయింది.

నిన్ను అడిగాడా అన్నావు.

అడిగాడని రాస్తే నువ్వు ఏడ్చి తేలికపడతావని నాకు తెలుసు. ఆ ఒక్క అబద్ధానికి సెలవిమ్మని మోకాళ్ళ మీద అడిగాను. మూడు పొద్దులు అడిగాను. సెలవు రాలేదు.

అడగలేదు దాసూ. నన్నూ అడగలేదు. పదహారేళ్ళు అన్నం పెట్టిన చెయ్యి పట్టుకుని, ఇది కాదు బావా అన్నాడు. నీ మీద కోపం పెట్టుకుని పోలేదు. నా మీద ప్రేమ పెట్టుకునీ పోలేదు. వాడు పని మీద పోయాడు. సంతోషంగానే పోయాడు. ఆ సంతోషంలో మనిద్దరం లేము.

ఈ మాట మింగలేక ఏడాదిగా తిరుగుతున్నాను. అందరూ వచ్చి, పెంచిన తల్లి చేతిలో పోయాడమ్మా, అదృష్టవంతుడు అన్నారు. అవునన్నాను. అవునన్న ప్రతిసారీ ప్రభువు ఎదుట తలవంచుకున్నాను. దీన్ని చెప్పుకుంటే అర్థమయ్యేవాడు భూమ్మీద ఒక్కడున్నాడు. వాడు పునలూరులో కూర్చుని, చేతుల్లో ఏమీ లేదని రాస్తున్నాడు.

నా చేతుల్లో మాత్రం ఏముంది?

ఇన్నాళ్ళూ వాడి కోసం రమ్మన్నాను. అది నిజం కాదు. వాడు ఎవరినీ రమ్మనలేదు.

నేను రమ్మంటున్నాను.

పెద్దక్క